తడి చెయ్యి

మా అత్తగారు నాతో మాట్లాడదు. పదకొండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఒకే కుండలో వండింది తింటున్నాం. ఇంతవరకూ ఆవిడ నా మొహం చూసి ఒక్క మాట అనలేదు. అలక కాదు, మూగదీ కాదు. ఆవిడ పుట్టిన వడ్డాది వైపు పాతకాలపు ఆడవాళ్ళ పద్ధతి అది. అల్లుడికి ఎదురుపడకూడదు, తలుపు చాటున నిలబడాలి, చెప్పాల్సింది కూతురి చేత చెప్పించాలి. కూతురు దగ్గర లేకపోతే గోడకి చెప్పాలి.

"గోడా, అన్నం వొండేసేను, తింటే తినమను. నేకపోతే మూతెట్టెయ్యమను."

పెళ్ళైన కొత్తలో ఇది నా మీద గౌరవం అనుకుని పొంగిపోయాను. ఏడాది తిరక్కుండానే అసలు సంగతి తెలిసింది. గోడకి చెప్పే మాటకి హద్దు లేదు. మొహం మీద అనలేనివన్నీ గోడ మీద అనొచ్చు. "గోడా, కొందరికి నీళ్ళతో ఆడుకోడానికున్న ఓపిక చెరుకుతోట సూడ్డానికి నేదే." దానికి గోడ ఏమంటుంది? నేను తిరిగి ఏమైనా అంటే అత్తగారితో నోరు చేసుకున్న అల్లుడినని వీధంతా తెలుస్తుంది. అందుకని పదకొండేళ్ళుగా పళ్ళు నూరుకుంటున్నాను.

ఆవిడ పేరు అచ్చియ్యమ్మ. నా పేరు శివాజీ. నేను ఇల్లరికం వచ్చినవాణ్ణి. చోడవరంలో ఈ ఇల్లు ఆవిడది, రావికమతం రోడ్డులో చెరుకుతోట ఆవిడది, నేను పడుకునే మంచం కూడా ఆవిడదే. పరవాడలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ పని నాది. తెల్లారకముందే కంపెనీ బస్సెక్కుతాను, సాయంత్రం చెరుకు ట్రాక్టర్ల వెనకాల ఈడ్చుకుంటూ వచ్చి దిగుతాను. ఈ ఇంట్లో ఇది నాది అని వేలు పెట్టి చూపించగలిగింది ఒక్కటే ఉంది. హాల్లో తూర్పు గోడకి ఆనుకుని ఉన్న నాలుగడుగుల గాజు ట్యాంకు. అందులో ఉప్పునీళ్ళు, రాళ్ళు, రాళ్ళ మీద పగడాలు, వాటి మధ్యన సముద్రపు చేపలు.

నేను పుట్టింది రాంబిల్లి దగ్గర, కెరటాల హోరు వినపడే ఇంట్లో. చోడవరం వచ్చిన కొత్తలో నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. ఆ ట్యాంకు పెట్టి, దాని మోటారు చప్పుడు వింటూంటే పట్టడం మొదలైంది. మా ఆవిడ సంధ్యారాణి సచివాలయంలో ఉద్యోగం చేస్తుంది, తెలివైన మనిషి. ఆ ట్యాంకు జోలికి మాత్రం తనైనా వచ్చేది కాదు.

మనుషులు రాలేదు గానీ పురుగు వచ్చింది.

కంటికి కనపడేది కాదు ఆ పురుగు. చేప చర్మంలో దూరి తెల్లమచ్చగా తేలుతుంది. చూస్తే చేప మీద ఎవరో ఉప్పు చల్లినట్టుంటుంది. నాలుగైదు రోజులకి మచ్చలు రాలిపోతాయి. తెలియనివాళ్ళు తగ్గిపోయిందని సంబరపడతారు. తగ్గదు. రాలిన పురుగు రాళ్ళకి అంటుకుని పెంకు కట్టుకుంటుంది, లోపల వందలుగా చీలుతుంది, ఓ రోజు పెంకు పగిలి మళ్ళీ చేపల మీద పడుతుంది. ట్యాంకులోనే మందు పోద్దామంటే పురుగుతో పాటు పగడాలు కూడా చస్తాయి. మిగిలిన దారి ఒక్కటే. చేపలన్నిటినీ బయటికి తీసేసి ట్యాంకుని డెబ్భై ఆరు రోజులు పస్తు పెట్టాలి. చేప దొరక్క పురుగు ఆకలితో చస్తుంది. ఈలోగా చేపని తొట్టెలో ఉంచి, మూడు రోజులకోసారి కడిగి ఎండబెట్టిన ఇంకో తొట్టెలోకి మార్చాలి. నాలుగుసార్లు మారిస్తే దాని ఒంటి మీద పురుగంతా పాత తొట్టెల్లో రాలిపోతుంది. ఆ తర్వాత డెబ్భై ఆరో రోజు దాకా ఆ తొట్టెలోనే పెంచి తిరిగి ట్యాంకులో వదలాలి. విశాఖలో చేపల షాపు నడిపే బాబీ ఇదంతా చెప్పి, "క్వాలిటీ కంట్రోల్ వాళ్ళు కదా సార్, మీకు నేను సెప్పాలేటి" అన్నాడు.

ఒకసారి చేశాను. డెబ్భై ఆరు రోజులూ క్యాలెండర్లో కొట్టేసుకుంటూ. చేపల్ని వదిలిన పదకొండో రోజుకి మచ్చలొచ్చాయి. రెండోసారి చేశాను. ఈ రెండు గండాల్లోనూ, వాటి మధ్యనా, ఐదు చేపల్లో నాలుగు పోయాయి. మిగిలింది పసుపు తోక ఉన్న నీలం చేప ఒక్కటే. నేను బస్సు దిగి హాల్లోకి రాగానే అద్దం దగ్గరికి వచ్చి నిలబడేది. ఈ ఇంట్లో నేను వచ్చానని ఎదురొచ్చే ప్రాణి అదొక్కటే.

చేప పోయినప్పుడల్లా మా అత్తగారు మైల పట్టేది. హాలంతా పసుపునీళ్ళతో కడిగించి, తలమీద నీళ్ళు పోసుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ గోడకి చెప్పేది. నాలుగోది పోయిన రోజున గొంతు పెంచి మరీ చెప్పింది.

"గోడా, ఇది నాలుగో పీనుగు. ఇంకొక్కటి లేసిందంటే ఆ గాజుపెట్టి వీధిలో ఉంటాది. ఆ జాగాలో నా కుట్టుమిషనెట్టుకుంటాను. ఇల్లు నాది, సెప్పు."

అన్నదంటే చేసేస్తుంది. మా మావయ్య పోయిన పదో రోజున ఆయన పేకాట స్నేహితుల కుర్చీలన్నీ వీధిలో పెట్టించిన మనిషి. అంచేత ఆ నీలం చేప బతికితే నా సముద్రం నాకుంటుంది. చస్తే హాల్లో కుట్టుమిషను కటకటలాడుతుంది, నేను ఆ మంచం మీద కళ్ళు తెరుచుకుని పడుకోవాలి.

పురుగు మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తోందో నాకు అనుమానంగా ఉండేది. నిజం చెప్పాలంటే అనుమానం కాదు, నమ్మకం. నేను ఇంట్లో లేని పన్నెండు గంటలూ ట్యాంకు ఆవిడ చేతిలో ఉంటుంది. ఆవిడే ఏదో చేస్తోంది. వేపాకు వేస్తోందో, పసుపు కలుపుతోందో, పగబట్టి మరేదైనా వేస్తోందో. సంధ్యతో అంటే, "మా అమ్మ దాని దగ్గరికి కూడా ఎళ్ళదండీ" అనేది. కూతురు కదా, అలాగే అంటుంది.

ఇక్కడ ఊరగాయ సంగతి ఒకటి చెప్పాలి. పెళ్ళైన మొదటి వేసవిలో ఓ మధ్యాహ్నం ఎవరూ చూడకుండా ఆవకాయ జాడీ మూత తీసి, అప్పుడే కడిగిన గరిటె తుడవకుండా అందులో పెట్టాను. వారానికల్లా జాడీ పైన తెల్లగా బూజు కట్టింది. ఏడాదికి సరిపడా ఊరగాయ, మొత్తం అత్తగారు పెరట్లో గొయ్యి తీసి పోసింది, పని నాదేనని పోల్చేసింది. ఆ రోజు నుంచి ఈ రోజు వరకూ నేను భోజనానికి కూర్చుంటే జాడీ అలమారాలోకి వెళ్ళిపోతుంది. నా ముక్క నాకు సంధ్య చేతుల మీదుగా వస్తుంది. నా చెయ్యి తడిగా కనపడితే చాలు, ఆవిడ గోడ వైపు తిరుగుతుంది.

"గోడా, ఒకదాంట్లో ముంచిన సెయ్యి ఆరకుండా ఇంకోదాంట్లో ముంచకూడదని కొందరికి ఎన్నేళ్ళు సెప్పాల?"

ట్యాంకు అద్దం తుడుస్తున్నా ఇదే మాట. వెనక వసారాలో తొట్టె దగ్గర చేపకి తిండి వేస్తున్నా ఇదే మాట. పదకొండేళ్ళ కిందటి ఊరగాయ కోసం ఇంకా సాధిస్తున్న మనిషికి ఏం జవాబు చెప్తాం? ఓసారి సంధ్య కూడా ఆ మాటే మోసుకొచ్చింది. "అమ్మ ఏటో సెప్తంది, తడి చేత్తో అటూ ఇటూ ముట్టుకోవద్దంట, ఒకసారి వినండి" అంది. "మీ అమ్మ ఊరగాయ గోల నాకు చెప్పకు" అన్నాను. రెండోసారి చెప్పినా అదే అన్నాను.

మాఘపౌర్ణమికి ఆవిడ పక్కింటి గున్నమ్మతో కలిసి షేర్ ఆటోలో పూడిమడక సముద్ర స్నానానికి వెళ్ళొచ్చింది. రెండోసారి పస్తు పూర్తయి, నీలం చేపని ట్యాంకులో వదిలి అప్పటికి వారం. ఇంకో వారం గడిచాక, ఒక ఆదివారం పొద్దున్న, కాఫీ గ్లాసుతో ట్యాంకు ముందు కూర్చుని చూస్తే చేప రెక్క మీద ఒక తెల్లచుక్క. లేచి లైటు వేశాను. తోక దగ్గర రెండు. పొట్ట మీద మూడు. అది రాతికి ఒళ్ళు రాసుకుంటోంది.

గ్లాసు కింద పెట్టడం కూడా మర్చిపోయాను.

"సంధ్యా!" అని అరిచాను. తను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. తలుపు చాటు నుంచి ఆవిడ గొంతు ముందుగా వచ్చింది.

"గోడా, మళ్ళీ పొక్కులా? అయితే కుట్టుమిషను తుడుసుకుంటాను."

ఆ మాటతో నా నెత్తురు సలసల మరిగిపోయింది. చేపని వలతో పట్టి తొట్టెలోకి మార్చాను. మార్చే రెండో తొట్టెకి కొత్తగా ఉప్పునీళ్ళు కలపాలి, ఉప్పు ప్యాకెట్టు కోసం సామాన్ల గదిలోకి వెళ్ళాను. బెల్లం కుండల వెనక చెయ్యి పెడితే ప్యాకెట్టుకి బదులు ఒక ప్లాస్టిక్ డబ్బా తగిలింది. ఐదు లీటర్ల డబ్బా. మూత తీసి వాసన చూశాను. ఆ వాసన నేను మర్చిపోతానా, పుట్టి పెరిగిన వాసన. సముద్రపు నీళ్ళు.

అప్పుడు అన్నీ అతికిపోయాయి. పౌర్ణమికి పూడిమడక. అక్కడి నీళ్ళు. తీరాన సముద్రపు నీళ్ళలో లేని పురుగుండదు. నేను డెబ్భై ఆరు రోజులు పస్తు పెట్టి చంపుతుంటే ఆవిడ చెంబుతో తెచ్చి పోస్తోందన్నమాట. దొరికింది నాకు దొంగ!

డబ్బా పట్టుకుని హాల్లోకి వచ్చాను. గున్నమ్మ అప్పుడే మజ్జిగ కోసం గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. మంచిదే, సాక్షి కూడా ఉంది. తలుపు రెక్క లాగేశాను. దాని వెనక అత్తగారు. పదకొండేళ్ళలో మొదటిసారి ఆవిడ మొహం అంత దగ్గరగా చూశాను.

"ఏటత్తా ఇది? నీకే, నీకే సెప్తన్నాను, గోడకి కాదు! పూడిమడక నీళ్ళట్టుకొచ్చి నా ట్యాంకులో పోస్తావా? నాలుగు చేపల్ని సంపేవు సాల్లేదా? నా మీద కసుంటే నన్ను ఎళ్ళిపొమ్మను, నోరు నేని చేపల మీదెందుకు నీ పగ?"

"ఓలమ్మో!" అంది గున్నమ్మ. గిన్నె మీద చెయ్యి బోర్లించి అలాగే నిలబడిపోయింది.

అత్తగారు కొంగు తల మీదకి లాక్కుంది. గోడ వైపు కూడా తిరగలేదు. గోడకి ఒదిగిపోయింది. భయమని అనుకున్నాను, సంతోషపడ్డాను. అబద్ధమెందుకు, చాలా సంతోషపడ్డాను.

సంధ్య నా చేతిలోంచి డబ్బా తీసుకుంది. లేపి వెలుతురులో చూసింది.

"నిండా ఉన్నాయి కదండీ" అంది.

"ఏటి?"

"నీళ్ళు. అంచు దాకా ఉన్నాయి. పోసుంటే తగ్గవా?"

ఇంకో డబ్బా ఉందేమో అనబోయాను. గున్నమ్మ అందుకుంది.

"ఒక్క డబ్బాయే బాబూ, నేనూ కూడా ఉన్నాను కదా. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. 'ఆ చేపకి పుట్టింటి నీళ్ళే, మా అల్లుడుగారిది కూడా ఆ సముద్రమే' అందోలమ్మా. పొయ్యొచ్చో పొయ్యకూడదో అడిగి పోస్తానంది."

అడిగింది. ఆ క్షణాన గుర్తొచ్చింది నాకు. పౌర్ణమి సాయంత్రం నేను సోఫాలో ఫోను చూసుకుంటుంటే తలుపు వెనక నుంచి వినపడింది. "గోడా, ఆ చేప పుట్టింటి నీళ్ళు తెచ్చేను. పొయ్యమంటారా, వొద్దంటారా?" మరో పావుగంటకి మళ్ళీ వినపడింది. నేను ఫోను సౌండు పెంచాను. నోటితో జవాబు రాలేదు కాబట్టి ఆవిడ పొయ్యలేదు. మూత బిగించి బెల్లం కుండల వెనక పెట్టేసింది.

నా కోపం ఒప్పుకోలేదు. ఉన్న కోపం ఎక్కడికి పోతుంది?

"మరైతే పురుగెలాగొస్తంది? ఆకాశంలోంచి ఊడిపడతందా? నేను కంపెనీలో ఇదే పని సేస్తన్నాను, నాకు తెలీదా?"

సంధ్య డబ్బా కింద పెట్టింది. తర్వాత "రండి" అని వసారాలోకి నడిచింది. తొట్టె పక్కన గోడ చూపించింది. గోడ మీద సున్నం బొట్లు. రోజూ చూసేవే. మా అత్తగారి పాల లెక్క.

"ఇవేటో తెలుసా మీకు?"

"పాల లెక్క."

"మనింటికి పాలోడు రావడం మానేసి రెండేళ్ళయింది. పేకెట్ పాలు తాగుతన్నాం. రోజూ బస్సు దిగి తెస్తన్నది మీరే."

నేను గోడ వైపు చూశాను. వరసగా, నీటుగా, ఒక్కొక్కటీ వేలితో పెట్టిన బొట్టు.

"రోజూ సాయంత్రం ఏం సేస్తారు మీరు? ట్యాంకులో మోచేతి దాకా పెట్టి రాళ్ళు సర్దుతారు, అద్దం తుడుస్తారు. ఆ చెయ్యి కారుతుండగానే ఇక్కడికొచ్చి తొట్లో పెడతారు, తిండేస్తారు, రెట్ట తీస్తారు. అక్కడ్నించి ఇక్కడిదాకా హాలంతా నీటి చుక్కలు. రోజూ తుడిసేది అమ్మ. మీరు అలా ముంచిన ప్రతిసారీ ఒక బొట్టెట్టింది. రెండోసారి పస్తులోనే నలభై మూడు. నాకు సెప్పింది, నేను మీకు రెండుసార్లు సెప్పేను. ఊరగాయ గోలన్నారు."

ట్యాంకు రాళ్ళల్లో చావకుండా ఉన్న పురుగుని నా మోచెయ్యే మోసుకొచ్చింది. తొట్టెలో శుభ్రపడిన చేపకి నా చెయ్యే అంటించింది. ఒకటో రెండో, మచ్చ పైకి కనపడకుండా మొప్పల్లో దాక్కుని ఉంటాయి. డెబ్భై ఆరో రోజున ఆ చేపని, దాని పురుగుతో సహా, నేనే పళ్ళెంలో పెట్టి ట్యాంకుకి అప్పగించాను. రెండుసార్లూ.

కంపెనీలో ఒక శాంపిల్ ముట్టుకున్న గ్లౌజుతో ఇంకోటి ముట్టుకుంటే మెమో ఇస్తారు. పోయిన ఏడాది కళ్యాణ్ అనే అతనికి ఆ మెమో రాసింది నేనే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు చూడండి, ఆ బల్లిని నేను. ఇల్లు చేరగానే గ్లౌజులతో పాటు బుర్ర కూడా కంపెనీలోనే వదిలి వచ్చేవాణ్ణి. ఎందుకంటే ఇంట్లో నాకు చెప్పేది ఒక ముసలమ్మ, పైగా నాకు పడని ముసలమ్మ. ఆ మాటే బాబీ చెప్పుంటే నోట్సు రాసుకునేవాణ్ణి.

హాల్లోకి వచ్చాను. గున్నమ్మ మజ్జిగ లేకుండానే వెళ్ళిపోయింది, ఈపాటికి వీధి చివరిదాకా తెలిసిపోయి ఉంటుంది. అత్తగారు తలుపు రెక్కని మళ్ళీ దగ్గరికి లాక్కుని దాని వెనకే ఉంది. ఆవిడ పాదాలు మాత్రం కింద కనపడుతున్నాయి. ఏడుస్తోందో లేదో తెలీదు. నాకు ఆవిడ ఎదురుగా వెళ్ళే మొహం లేదు.

గోడ వైపు తిరిగాను.

"గోడా," అన్నాను. అలవాటు లేని మాట, మళ్ళీ అన్నాను. "గోడా, తప్పు నాదే అని సెప్పు. నాలుగు చేపలూ నా చేత్తోనే పోయేయి. అనకూడని మాటన్నాను. ఆ నీలం చేపని బతికించమని సెప్పు."

తలుపు కింద ఆవిడ పాదాలు కొంచెం ముందుకి జరిగాయి.

"గోడా, విన్నావా?" అంది. గొంతులో మెత్తదనమేమీ లేదు. "ఈయాళ్టి నించి తొట్టి నాది. ఆ బాబుని వసారా గడప దాటొద్దను. పెట్టి ఆయనదీ, తొట్టి నాదీ. ఆ చెంబు ఇటు రాకూడదు, ఇది అటెళ్ళకూడదు. దాటేడంటే మాత్రం నేనూరుకోను."

మర్నాటి నుంచి మా ఇల్లు రెండు దేశాలయింది. ఆవిడకి ఎవరూ క్వారంటైన్ నేర్పనక్కర్లేదు, ఆవిడ పుట్టినప్పటి నుంచీ మైలలోనూ మడిలోనూ అదే చేస్తోంది. తొట్టెకి వేరే చెంబు, వేరే గుడ్డ, వేరే వల, దానికి ఎర్ర దారం. మూడు రోజులకోసారి సంధ్య చేత చేపని మార్పించేది. ఖాళీ అయిన తొట్టెని తోమి, మేడ మీద బోర్లించి, నిలువు ఎండలో రెండు రోజులు ఉంచేది. ఉప్పు కొలత మాత్రం గడప ఇవతల నుంచి నన్ను చెప్పమనేది, అదీ గోడ ద్వారా. నేను ట్యాంకులో చెయ్యి పెడితే స్నానం చేసేదాకా వసారా తలుపు గడియ పెట్టేసేది. ఓసారి మర్చిపోయి గడప మీద కాలు పెట్టాను. చీపురు వచ్చి నా పాదం ముందు పడింది.

"గోడా, కాలు కూడా తడే."

నాకు ఒళ్ళు మండిపోయేది. నా చేపని నేను చూసుకోడానికి కిటికీ ఊచల్లోంచి తొంగి చూడాల్సి వచ్చింది. ఆవిడ ఎండునాచు రేకులు చింపి వేస్తుంటే అది ఆవిడ వేళ్ళ దగ్గరికి పరిగెత్తేది, ద్రోహి. గోడ మీద ఇప్పుడు బొట్లు రోజుకొకటి పడుతున్నాయి. రోజూ బస్సు దిగి ముందు అవి లెక్కపెట్టుకునేవాణ్ణి. ఆవిడ చూస్తోందని తెలిసినా లెక్కపెట్టేవాణ్ణి.

ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగు అయిపోయి రోడ్డు మీద ట్రాక్టర్లు తగ్గాయి. ఎండలు ముదిరాయి. మామిడికాయలు వచ్చాయి, ఆవిడ ముక్కలు కొట్టించి ఆవకాయ కలిపింది, యథాప్రకారం నన్ను ఆ గదిలోకి రానివ్వకుండా. డెబ్భై ఆరో బొట్టు పడ్డ రోజున సంధ్య చేపని ట్యాంకులో వదిలింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

పదో రోజు దాకా నాకు ముద్ద దిగలేదు. పదకొండో రోజున సెలవు పెట్టి ట్యాంకు ముందే కూర్చున్నాను. మచ్చ లేదు. ఇరవయ్యో రోజు లేదు. నలభయ్యో రోజుకి చేప ఒళ్ళు కొత్త స్టీలు గిన్నెలా నిగనిగలాడుతోంది. కుట్టుమిషను సామాన్ల గదిలోనే ఉంది. ట్యాంకు హాల్లోనే ఉంది గానీ ఇప్పుడు పూర్తిగా నాదని చెప్పలేను. నేను అద్దం తుడవడానికి లేస్తే తలుపు రెక్క కదులుతుంది.

ఆ నలభయ్యో రోజు ఆదివారం. భోజనానికి కూర్చున్నాను. సంధ్య పెరట్లో బట్టలు ఆరేస్తోంది. వంటింటి గుమ్మంలోంచి అత్తగారు వచ్చింది. తలుపు వెనక ఆగలేదు. చేతిలో ఆవకాయ జాడీ. తెచ్చి నా కంచం పక్కన పెట్టి, మూత తీసి, గరిటె నా వైపు తిప్పింది. ఆవిడ గోడ వైపు తిరుగుతుందని చూశాను. తిరగలేదు. నా మొహంలోకే చూసింది, కోపంగానే చూసింది.

"సెయ్యి తుడుసుకో" అంది.

చెయ్యి పొడిగానే ఉంది. అయినా తుడుచుకున్నాను.